ఆ ఇంట్లో ఇద్దరూ ప్రేక్షకులే

సంపాదకులకు,

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ప్రజా టెలివిజన్‌కు రెండు ఇళ్లుండేవి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కేయూఈడీ చానల్‌ని 1958లో, మోర్మన్ చర్చికి చెందిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం కేబీవైయూ చానల్‌ని 1965లో ప్రారంభించాయి. రెండూ దేశవ్యాప్త ప్రజా టెలివిజన్ వ్యవస్థ పీబీఎస్‌లో సభ్యులుగా చాలా కాలం నడిచాయి. 2018లో కేబీవైయూ ఆ సభ్యత్వం వదులుకుంది. ఇక భక్తుల చానల్ వేరు, మిగతావారి చానల్ వేరు అన్నట్టు తోచి నాకది బాధ కలిగించింది.

అక్కడ మా అక్క ఇంట్లో ఉన్నప్పుడు కళ్లారా చూశాను. చర్చి మహాసభ ప్రసంగాలు వింటూ పొరుగింటి పెద్దావిడ కళ్లు తుడుచుకుంటుంటే, పక్కనే రిమోట్ పట్టుకున్న మనవడు డైనోసార్ల కార్యక్రమం కోసం ఎదురుచూస్తున్నాడు. భక్తులకో చానల్, మిగతావారికో చానల్ అని పంచేవారు ఆ సోఫాను ఎలా పంచుతారు? ప్రజా టెలివిజన్ ఆ ఇద్దరినీ కలిపే కూర్చోబెట్టాలి.

– ఒక పాఠకురాలు