కాశీలో మీరు చూపిన హోటల్‌కీ మేం చేరిన హోటల్‌కీ పొంతన లేదు

హనుమకొండ,
16 డిసెంబరు 2024

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: నవంబరు 17 నుంచి 26 దాకా వారణాసిలో తొమ్మిది రాత్రుల హోటల్ బుకింగ్, మీ యాప్‌లో ఉన్న తప్పుడు వివరాలు, డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

మీ యాప్‌లో రాత్రికి 2,800 చొప్పున తొమ్మిది రాత్రులకు 25,200 రూపాయలు ముందే కట్టి గది బుక్ చేశాను. మేం అక్కడ ఉన్నది ఒక్క రాత్రే. మిగతా ఎనిమిది రాత్రుల డబ్బు వెనక్కి ఇమ్మని నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు మెయిల్ పెట్టాను. డిసెంబరు 5న మీవాళ్లు వెయ్యి రూపాయల కూపన్ పంపించి, ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ పెట్టారు. ఆ కూపన్ నాకు వద్దు. ఏం జరిగిందో మొదటినుంచీ రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి, ఎందుకంటే ఫోన్ ఎత్తినవాళ్లెవరూ చివరిదాకా వినలేదు.

మా అమ్మకు 68 ఏళ్లు, నాన్నకు 74. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని అమ్మకు ఎన్నో ఏళ్లుగా కోరిక. కాశీకి వెళ్తే ఒక కాయ, ఒక పండు వదిలేయాలంటారు కదా, ఏవి వదలాలో కూడా ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది: కాకరకాయ, సీతాఫలం. సీతాఫలం ఆమెకు ప్రాణం. అలాంటిది వదిలేయడానికి సిద్ధపడి బయలుదేరిన మనిషి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మెట్లు వీలైనంత తక్కువ ఎక్కమని డాక్టరు చెప్పాడు.

మా ఇంట్లో ఎవరమూ అంతకుముందు కాశీ చూడలేదు. 2023లో గంగా పుష్కరాలకు వెళ్లొచ్చిన చుట్టాలను అడిగితే ఒకరు గుడి పక్కనే దిగమన్నారు, ఇంకొకరు అస్సీ ఘాట్ మంచిదన్నారు, మరొకరు స్టేషన్ దగ్గరే ఉండమన్నారు. కార్తీకమాసం కాబట్టి తెలుగువాళ్ల ఆశ్రమాల్లో మా తేదీలకు గదులు దొరకలేదు. ఊరు తెలియనివాళ్లకు ఏరియా ఎంచుకోవడమే అసలు కష్టం. ఆ కష్టం తీరుస్తామనే కదా మీ యాప్ ఉన్నది!

నేను మూడే చూసుకున్నాను: గుడికి దగ్గరగా ఉండాలి, లిఫ్ట్ ఉండాలి, కారు దగ్గరి దాకా రావాలి. మీ పేజీలో ఆ హోటల్ కింద ఇలా ఉంది: ఏరియా గోదౌలియా, విశ్వనాథ ఆలయానికి 400 మీటర్లు, లిఫ్ట్ ఉంది, గుమ్మం దాకా వాహనం వస్తుంది, వృద్ధులకు అనుకూలం. ఫొటోల్లో వెడల్పాటి రోడ్డు, అద్దాల తలుపు, లోపల స్టీలు లిఫ్ట్ ఉన్నాయి. అయినా నమ్మకం చాలక, డబ్బు కట్టే ముందు మీ చాట్‌లో అడిగాను, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, లిఫ్ట్ ఖచ్చితంగా ఉందా అని. ఉంది మేడమ్, నిశ్చింతగా బుక్ చేసుకోండి అని జవాబొచ్చింది. ఆ చాట్ స్క్రీన్‌షాట్, పేజీ స్క్రీన్‌షాట్లు ఈ లేఖకు జత చేశాను.

నవంబరు 16న కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు మొఘల్‌సరాయ్‌లో దిగాం. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్. అక్కడినుంచి టాక్సీ. రాజ్‌ఘాట్ వంతెన మీదికి రాగానే ఎడమవైపు నది ఒడ్డున ఘాట్లన్నీ ఒంపు తిరిగి కనిపించాయి. అమ్మ కారు అద్దం దించి దండం పెట్టుకుంది. ఆ పది నిమిషాలు తప్ప ఆ రోజంతా మాకు మిగిలింది టెన్షనే.

టాక్సీ డ్రైవరు అడ్రస్ చూసి తల అడ్డంగా ఊపాడు. గోదౌలియా ముందున్న గిర్జాఘర్ చౌరస్తా దగ్గర ఆపి, ఇక కారు పోనివ్వరు అన్నాడు. ఆ ఊళ్లో బండి నడిపే ప్రతివాడికీ తెలిసిన సంగతి అది. మీ పేజీ రాసినవాళ్లకు మాత్రం తెలియలేదు. సైకిల్ రిక్షాలో కొంత దూరం వెళ్లాం. తరువాత గల్లీ. ఎదురుగా మనిషి వస్తే భుజం తిప్పి గోడకు ఆనుకోవాలి. కింద రాళ్లు తడిగా ఉన్నాయి. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద వేసి, పాదం కింద పెట్టే ముందు ప్రతిసారీ రాయిని తడిమి చూసుకుంటూ నడిచింది. ఒకచోట ఎద్దు అడ్డంగా నిలబడింది. వెనక బైకు హారన్. నాన్న బ్యాగు నెత్తిన పెట్టుకున్నాడు. ఇంకోచోట 'రామ్ నామ్ సత్య హై' అంటూ మణికర్ణిక శ్మశాన ఘాట్‌కు పాడె వస్తుంటే అందరం గోడకు అతుక్కుని నిలబడ్డాం. అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టింది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆ గల్లీల మీద, ఆ పాడెల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. కాశీ అంటే అదే, మేం వెళ్లింది ఆ కాశీ కోసమే. కాళ్లు బాగున్న మనిషినైతే ఆ గల్లీలోనే గది తీసుకునేదాన్ని. నా ఫిర్యాదు, అలాంటి గల్లీలో ఉన్న ఇంటిని గుమ్మం దాకా కారు వచ్చే హోటల్ అని మీరు అమ్మినందుకు.

ఆ గల్లీ దాటడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. తీరా చేరాక, మా గది మూడో అంతస్తులో. యాభై రెండు మెట్లు. నేను లెక్కపెట్టాను, అమ్మ ఎక్కినంతసేపూ లెక్కపెడుతూనే ఉన్నాను. పాతకాలపు ఇల్లు, మెట్టు ఎత్తు ఎక్కువ, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. లిఫ్ట్ ఏదని కౌంటర్‌లో కుర్రాణ్ని అడిగితే, అది మా రెండో బిల్డింగ్‌లో ఉంది, ఆ బిల్డింగ్ సిగ్రాలో ఉంది అన్నాడు. సిగ్రా వేరే ఏరియా, స్టేషన్ వైపు. ఒకే పేరుతో రెండు బిల్డింగులు. సిగ్రా బిల్డింగ్ ఫొటోలు, లిఫ్ట్, రోడ్డు తీసుకొచ్చి మీరు గల్లీలో ఉన్న బిల్డింగ్ పేజీలో పెట్టారు. రెండింటినీ కలిపి ఒక హోటల్‌గా చూపించారు. మీ పేజీలో ఉన్న ఆ హోటల్ భూమ్మీద ఎక్కడా లేదు.

ఆ రాత్రే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. మ్యాప్‌లో గుర్తు హోటల్‌వాళ్లు పెట్టిందే, మేం మధ్యవర్తులం మాత్రమే అన్నారు. నాన్-రిఫండబుల్ బుకింగ్ కాబట్టి ఏమీ చేయలేం అన్నారు.

మర్నాడు నవంబరు 18, కార్తీక సోమవారం. అమ్మ మోకాలు కొబ్బరికాయంత వాచింది. మంచం దిగలేకపోయింది. గుడి గంటలు కిటికీలోంచి వినబడుతున్నాయి. నేను తోడుంటాను, నువ్వు దర్శనం చేసుకుని రా అని నాన్నతో అంటే, మీ అమ్మను ఇక్కడ విడిచి నేనెట్ల పోత అన్నాడు. అమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న ఉసిరికాయలో నెయ్యి పోసి, వత్తి వేసి, ఆ కిటికీ గూట్లో దీపం పెట్టింది. కాశీలో, కార్తీక సోమవారం నాడు, విశ్వనాథుడికి అంత దగ్గరలో ఉండి, ముగ్గురం ఆ గదిలోనే కూర్చున్నాం. ఆ సోమవారానికి మీ కూపన్‌లో వెల కట్టారా?

సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించి, గల్లీ దాటించారు. వాళ్లకు 600 ఇచ్చాను. ఎంతో జాగ్రత్తగా మోశారు, వాళ్ల రుణం 600తో తీరేది కాదు. అక్కడినుంచి సోనార్‌పురా వెళ్లి, కేదార్ ఘాట్ వైపు రోడ్డుకు దగ్గర్లో కింది అంతస్తు గది రాత్రికి 1,800కు తీసుకున్నాం. 20న చక్రాల కుర్చీలో అమ్మకు మొదటి దర్శనం అయింది.

ఇక మీ 400 మీటర్ల సంగతి. అది మ్యాప్ మీద గీత గీస్తే వచ్చే దూరం. గల్లీల్లో నడిస్తే గుడి నాలుగో నంబరు గేటుకు 900 మీటర్ల దాకా వచ్చింది నా ఫోన్‌లో. 2021 డిసెంబరులో విశ్వనాథ ఆలయ కారిడార్ ప్రారంభమయ్యాక గంగ వైపు లలితా ఘాట్ నుంచి కూడా దారి ఉంది, కాని అక్కడ ఘాట్ మెట్లు ఎక్కాలి. రోడ్డు వైపునుంచి వెళ్లేవాళ్లకు నాలుగో నంబరు గేటు. ముసలివాళ్లకు ఏ దారి సులువో, ఏ గేటుకు ఎంత నడకో చెప్పకుండా ఆలయానికి ఇన్ని మీటర్లు అని రాయడం వల్ల మోసపోవడమే తప్ప ప్రయోజనం లేదు.

ఆ ఊళ్లో తొమ్మిది రోజులు తిరిగాక నాకు అర్థమైన విషయాలు మీ పేజీలో నాలుగు వాక్యాల్లో రాయొచ్చు. అస్సీ ఘాట్ దక్షిణపు కొసన ఉంది, ఘాట్ దగ్గరి దాకా ఆటో వస్తుంది, తెల్లవారుజామున హారతి చూడొచ్చు, విశ్వనాథుడి గుడికి మాత్రం మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. కంటోన్మెంట్, నదేసర్ వైపు రోడ్లు వెడల్పు, పెద్ద హోటళ్లు, లిఫ్టులు ఉంటాయి, గంగ మాత్రం కనబడదు, గుడికి వెళ్లిన ప్రతిసారీ గోదౌలియా రద్దీలో పడాలి. లంకా వైపు ఉంటే బనారస్ హిందూ విశ్వవిద్యాలయం (బీహెచ్‌యూ) పెద్దాసుపత్రి పక్కనే, వయసు మళ్లినవాళ్లతో వెళ్లేవాళ్లకు అది చిన్న విషయం కాదు. సోనార్‌పురా, పాండే హవేలీ, కేదార్ ఘాట్, హనుమాన్ ఘాట్ ప్రాంతంలో దక్షిణాదివాళ్లు తరాలుగా ఉన్నారు, తెలుగు మాట వినబడుతుంది, పొద్దున ఇడ్లీ దొరుకుతుంది. రోడ్డుకు ఆటో వస్తుంది, గల్లీ నడక తక్కువ. కేదార్ ఘాట్ మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. ఇంకా, వానాకాలంలో గంగ పొంగితే ఘాట్ల కింది మెట్లు మునిగిపోతాయి, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు ఒడ్డున నడవడం కుదరదు. ఒడ్డునే నడిచి గుడికి పోదామని ఘాట్ పక్కన గది తీసుకున్నవాళ్లు ఆగస్టులో ఏం చేయాలి?

అక్కడివాళ్లెవరిని అడిగినా ఇవన్నీ చెప్తారు. మాకు అడగడానికి అక్కడివాళ్లెవరూ లేక మిమ్మల్ని అడిగాం.

నేను అడుగుతున్నది ఇదీ. వాడుకోని ఎనిమిది రాత్రులకు 22,400, అమ్మను దింపించడానికి అయిన 600, మొత్తం 23,000 రూపాయలు నేను కట్టిన ఖాతాకే తిరిగి వేయండి. వాడిన రాత్రి డబ్బు అడగడం లేదు. కొత్త గది ఖర్చు, మందుల ఖర్చు కూడా అడగడం లేదు. రెండోది, ఆ రెండు బిల్డింగుల పేజీలు విడదీయండి, ఏ ఫొటో ఏ బిల్డింగ్‌దో అక్కడే పెట్టండి. మూడోది, వారణాసిలాంటి పాత ఊళ్లలో ప్రతి హోటల్‌కూ కారు ఎక్కడ ఆగుతుంది, అక్కడినుంచి ఎంత నడవాలి, గదికి ఎన్ని మెట్లు ఎక్కాలి, ఈ మూడూ దూరం పక్కనే రాయండి. హోటల్‌వాళ్లను అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పే సంగతులే ఇవి.

మధ్యవర్తులం అన్న మాట చెల్లదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, అమ్మకందారు ఇచ్చే వివరాలు, ఫొటోలు అసలు సేవకు సరిపోతాయని వాళ్లనుంచి హామీ పత్రం తీసుకోవాల్సింది మీరే. పైగా లిఫ్ట్ ఉందని చాట్‌లో నాకు జవాబిచ్చింది హోటల్ కాదు, మీ ఉద్యోగి. అవే నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయొచ్చు, ఇంత మొత్తానికి ఫీజు కూడా లేదు. అంత దూరం రాకూడదనే నా కోరిక.

ఇంకో మాట, ఇది నా డబ్బుకన్నా ముఖ్యం. ఈ రోజు పొద్దున కూడా మీ యాప్ తెరిచి చూశాను. అదే పేజీ, అదే లిఫ్ట్ ఫొటో, అదే 'వృద్ధులకు అనుకూలం' ఇంకా అలాగే ఉన్నాయి. జనవరి 13న ప్రయాగలో కుంభమేళా మొదలవుతుంది. అక్కడ స్నానం చేసినవాళ్లు చాలామంది కాశీకి వస్తారు, ఫిబ్రవరి 26న శివరాత్రి. మా అమ్మలాంటివాళ్లు ఎంతమంది ఆ ఫొటో చూసి డబ్బు కడుతున్నారో! నా డబ్బు పంపడానికి నెల తీసుకుంటే తీసుకోండి. ఆ పేజీ మాత్రం ఈ వారంలోనే సరిచేసి, సరిచేశామని నాకు రాతపూర్వకంగా తెలపండి.

భవదీయురాలు,
బుకింగ్ చేసిన కస్టమర్,
హనుమకొండ

జతచేసినవి: హోటల్ పేజీ స్క్రీన్‌షాట్లు, మీ చాట్ స్క్రీన్‌షాట్, 25,200 చెల్లింపు రసీదు, గల్లీ, మెట్ల ఫొటోలు, సోనార్‌పురా గది బిల్లు.