ఆటిజం పిల్లల్ని అసెంబ్లీలో నిలబెట్టి చెవులు పట్టించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా బరంపురంలో ఏప్రిల్ 1న ఉత్కళ దివస్, అంటే ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజు, అయిన మర్నాడే ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఆ రోజు పేపర్లలో ఓ ఫోటో, కింద ఆటిజం అంటే ఏమిటో నాలుగు లైన్లు వస్తాయి, మంచిదే. కానీ ఆ నాలుగు లైన్లలో ఎప్పుడూ కనిపించని సంగతి ఒకటుంది. ఈ పిల్లలకి తప్పు చేశామన్న బాధే ఉండదని, చీమ కుట్టినట్టయినా ఉండదని చుట్టూ ఉన్నవాళ్ళు తేల్చేస్తారు. అలా తేల్చేసి వేసే శిక్షల వల్ల ఆ పిల్లలు ఎంత నలిగిపోతున్నారో ఎవరికీ పట్టడం లేదు.

మా అక్క కొడుక్కి ఆటిజం. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు బడి వరండాలో రిపబ్లిక్ డే కోసం డ్రమ్ములు ప్రాక్టీసు చేస్తున్నారు, ఆ చప్పుడు భరించలేక వీడు రెండు చెవులూ మూసుకుని బయటికి పరిగెత్తబోయి ఎదురుగా వస్తున్న అబ్బాయిని గుద్దేశాడు, ఆ అబ్బాయి చేతిలో టిఫిన్ డబ్బా పడిపోయి ఉప్మా అంతా నేలపాలైంది. మర్నాడు అసెంబ్లీలో అందరి ముందూ నిలబెట్టి, చెవులు పట్టుకుని, ఆ అబ్బాయి కళ్ళలోకి చూస్తూ క్షమించమని అడగమన్నారు, అదీ ఒడియాలో. కంగారు పడితే తెలుగులోనే మాట రాని పిల్లాడు వాడు. తల దించేసుకున్నాడు. టెన్షన్ వచ్చినప్పుడు వాడి మొహం మీదికి ఒక నవ్వు వస్తుంది, ఆ నవ్వుతో అలాగే నిలబడిపోయాడు. "చేసిందంతా చేసి నవ్వుతున్నాడు, సిగ్గులేదు" అని గుంజీలు తీయించారు.

ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకేం తెలుసు? ఆ రోజు నుంచి వాడు ఉప్మా ముట్టలేదు. రాత్రి పడుకునే ముందు "వాడు ఆరోజు ఆకలితో ఉన్నాడా అమ్మా?" అని అడుగుతాడు, లేదు నాన్నా, మిగతా పిల్లలు పెట్టి ఉంటారులే అని అక్క చెప్తుంది, మర్నాడు రాత్రి మళ్ళీ అదే ప్రశ్న, ఒక్క మాట కూడా మారకుండా. వేసవి సెలవులొచ్చినా ఆగలేదు. బాధ లేని పిల్లాడు చేసే పనా ఇది?

ఆటిజం ఉన్నవాళ్ళంతా ఒకేలా ఉండరు. కానీ చాలామందికి ఎదుటివారి కళ్ళలోకి చూడటమే పెద్ద ఇబ్బంది, లోపల ఏమవుతోందో అది భయమో సిగ్గో బాధో చెప్పడం కొందరికి చాలా కష్టం, మొహంలో కనిపించేదానికీ మనసులో ఉన్నదానికీ పొంతన ఉండకపోవచ్చు. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనా ఆటిజం ఉన్నవారే, 2012లోనే చెప్పారు, ఆటిజం ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళు అర్థం కాకపోవడం ఎంత ఉందో, మిగతావాళ్ళకి వీళ్ళు అర్థం కాకపోవడమూ అంతే ఉందని. 2011లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, తెలియక హాని చేసిన మనిషిని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు మిగతావారికంటే ఎక్కువ తప్పుపట్టారని తేలింది. అదే కొలతతో తమని తాము కొలుచుకుంటే ఏమవుతుందో మావాణ్ణి చూస్తే నాకు అర్థమవుతుంది. కావాలని చేయలేదు కదా అని ఎంత చెప్పినా, "కానీ ఉప్మా పడిపోయింది కదా" అంటాడు.

ఇక క్షమించడం. మన ఇళ్ళలో ఎవరూ నోరు తెరిచి క్షమించాను అని చెప్పరు. కాసేపు మాట్లాడకుండా ఉండి, తర్వాత అన్నానికి పిలిస్తే కోపం పోయిందని అందరికీ తెలిసిపోతుంది. వీడికి తెలియదు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ విషయం తెలిసి తనే మా ఇంటికొచ్చి, ఎదురుగా కాకుండా వాడి పక్కన కూర్చుని, "బాబూ, ఆ గొడవ అయిపోయింది, మావాడికి నీమీద కోపం లేదు, ఆరోజు వాడు అరటిపండ్లు తిన్నాడు, ఆకలితో లేడు" అని విడమరిచి చెప్పింది. ఆ రాత్రి ప్రశ్న రాలేదు. తర్వాత ఎప్పుడైనా వచ్చినా ఆవిడ మాటలు వాడే అప్పజెప్పుకుని పడుకునేవాడు. ఆ తల్లికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

మరి వాడు ఎవరిని క్షమించాలి అనేది ఎవరూ అడగరు. "తప్పు చేస్తే క్షమాపణ చెప్పాలి కదా, గుంజీలు తీయించినందుకు టీచరు నాకు ఎప్పుడు చెప్తారు?" అని అడిగాడొకసారి. పెద్దవాళ్ళని అలా అనకూడదని ఇంట్లో నోరు మూయించబోయారు, నేను ఊరుకోలేదు. మనం నేర్పిన నియమం అందరికీ ఒకటే అని వాడు నమ్మాడు, అది పగ పట్టడం ఎలా అవుతుంది?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వికలాంగుల్ని కించపరచాలని నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. ఏ టీచరునీ జైలుకి పంపాలని నాకు లేదు, అరవై మంది పిల్లల్ని ఒక్కరు చూసుకునే కష్టం నాకూ తెలుసు.

నేను అడిగేది కొంచెమే. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల విద్యాధికారులు జూన్‌లో బడులు తెరిచేలోగా టీచర్లకి ఒక పూటయినా దీనిమీద శిక్షణ పెట్టించాలి. అసెంబ్లీ క్షమాపణలు ఆపించాలి. ఏం జరిగిందో పిల్లాణ్ణి విడిగా, వాడికి వచ్చిన భాషలో అడగాలి, నోటితో చెప్పలేకపోతే రాసిగానీ బొమ్మ వేసిగానీ చెప్పనివ్వాలి, పడిపోయింది తుడవడంలాంటి పని చేసి దిద్దుకోనివ్వాలి, తర్వాత "అయిపోయింది" అని వాడికి స్పష్టంగా చెప్పాలి. ఆటిజం గురించి పంచే కరపత్రాలు ఒడియాతో పాటు తెలుగులో కూడా వేయించాలి, ఎందుకంటే మా ఇళ్ళలో ఈ పిల్లల్ని పగలంతా చూసుకునే అమ్మమ్మలకీ నానమ్మలకీ చాలామందికి చదవొచ్చింది తెలుగు ఒక్కటే.

ఇట్లు,
ఒక పిన్ని,
బరంపురం, గంజాం జిల్లా