మా వాడి నొప్పిని మాకంటే ముందు చూసిన ముగ్గురికి కృతజ్ఞతలు

మా అబ్బాయి నిన్న మళ్ళీ మ్యాచ్‌లో బౌలింగ్ చేశాడు. నాలుగే ఓవర్లు, అదీ ఏడు నెలల తర్వాత. ఈ ఏడు నెలల్లో మాకు అండగా నిలిచిన వాళ్ళకు విడివిడిగా ఎన్నోసార్లు థాంక్స్ చెప్పాను. అయినా నలుగురిలో చెప్పాలని ఉంది. పేర్లు వద్దని వాళ్ళే అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకు తెలిసిపోతుంది. పిల్లల్ని ఆటల్లో చేర్చిన మిగతా అమ్మానాన్నలకు కూడా పనికొస్తుందని, జరిగిందంతా కాస్త వివరంగానే రాస్తున్నాను.

మా వాడికి పద్నాలుగేళ్ళు. కుడిచేతి వాటం ఫాస్ట్ బౌలర్. పోయిన ఏడాది ఉన్నట్టుండి పొడవయ్యాడు, ప్యాంట్లన్నీ చీలమండల పైకి వచ్చేశాయి. ఆ ఏడాదే స్కూల్ టీమ్‌కీ, క్లబ్ టీమ్‌కీ రెండింటికీ ఆడటం మొదలుపెట్టాడు. నడుం ఎడమ పక్క నొప్పిగా ఉందని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఎదిగే వయసు, అలాగే ఉంటుందిలే అనుకుని రాత్రిళ్ళు మందు రాసి పడుకోబెట్టాను. ఒక డాక్టరుకు చూపించాం కూడా. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు, నొప్పికి మాత్రలిచ్చారు. ఏమీ లేదన్న మాట వినేసరికి నా మనసు కుదుటపడింది. ఆ తర్వాత వాడు నొప్పి మాట ఎత్తలేదు. తగ్గిపోయిందనే అనుకున్నాను. పైగా 'మా వాడు ఎంత నొప్పి ఉన్నా ఓర్చుకుంటాడు' అని వాడు వింటుండగానే అందరితో గొప్పగా చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

నేను మొట్టమొదట కృతజ్ఞత చెప్పాల్సింది మా వాడి టీమ్ వికెట్ కీపర్‌కి. మా వాడి ఈడు పిల్లాడే. ఒక సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక మా వాణ్ణి తీసుకురావడానికి వెళ్తే, గ్లవ్స్ చేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "ఆంటీ, మీకు చెప్తే వాడు నాతో మాట్లాడడు. అయినా చెప్తున్నాను" అన్నాడు. బౌలింగ్‌కి ముందు మా వాడు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మాత్ర వేసుకుంటున్నాడట. ఇంట్లో మిగిలిపోయిన ఆ నొప్పి మాత్రలే. నీకెలా తెలుసు నాన్నా అని అడిగాను.

"బాల్ వదిలేటప్పుడు వాడి ముఖం నాకు కనపడుతుంది కదా ఆంటీ. రెండు వారాల నుంచి ముందు కాలు పడగానే గట్టిగా కళ్ళు మూసుకుంటున్నాడు. ఏంట్రా అని అడిగితే మాత్ర చూపించాడు."

గ్రౌండ్ చుట్టూ అంతమంది పెద్దవాళ్ళం ఉన్నాం. అందరం బంతి ఎక్కడ పడిందా అనే చూశాం.

ఆ వారమే ఫిజియో మేడమ్ దగ్గరకు వెళ్ళాం. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే నేను అందుకోబోతే, "మీరు కాదండీ, బాబు చెప్పాలి" అన్నారు. సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంతుంటుంది అని అడిగారు. వాడు ముందు నా వైపు చూసి, "రెండు" అన్నాడు. ఆ చూపు ఆమె కంటపడింది. నా కుర్చీని వాడి వెనక్కి, వాడికి కనపడనంత దూరం జరిపించారు.

"రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిరిగేటప్పుడు?"

"నాలుగు."

"బౌలింగ్‌లో ముందు కాలు నేలకు తగిలినప్పుడు?"

వాడు చాలాసేపు తలొంచుకుని కూర్చుని, "ఏడు" అన్నాడు. కన్నతల్లిని, ఆ అంకె నేను అప్పుడే వినడం.

తర్వాత వాణ్ణి ఎడమ కాలి మీద నిలబెట్టి మెల్లగా వెనక్కి వంగమన్నారు. సగం కూడా వంగక ముందే వాడి చెయ్యి నడుం ఎడమ పక్కకు వెళ్ళిపోయింది. కుడి కాలి మీద నిలబడితే మాత్రం బాగానే వంగాడు. అప్పుడు తట్టింది నాకు. కొన్నాళ్ళుగా పై అరలో ఏదైనా తియ్యాలంటే వాడు ఒళ్ళు విరిచి చెయ్యి చాచకుండా స్టూల్ లాక్కుంటున్నాడు. అంత పొడుగు పెరిగినవాడికి స్టూల్ ఎందుకా అని ఒక్కసారి కూడా అనుకోలేదు నేను.

ఈ ఒక్క పరీక్షతో తేలదని చెప్పి, మేడమ్ మమ్మల్ని స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరకు పంపించారు. ఎంఆర్ఐలో తేలింది. నడుం కింది భాగంలో, అయిదో వెన్నుపూసకు ఎడమ వైపు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక.

ఆ మాట వినగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎప్పుడు పడ్డాడు, ఎవరు కొట్టారు అని అడిగాను. మేడమ్ వెన్నెముక బొమ్మ ముందు పెట్టుకుని, తొందరపడకుండా అరగంట సేపు వివరించారు. దెబ్బ తగిలి విరిగింది కాదిది. ఫాస్ట్ బౌలర్ బంతి వేసేటప్పుడు నడుం ఒకేసారి వెనక్కీ పక్కకీ వంగుతుంది, మెలి తిరుగుతుంది. సరిగ్గా అదే క్షణంలో ముందు కాలు నేలను తాకుతుంది. పెద్ద బౌలర్ల మీద తీసిన కొలతల్లో, ఆ కాలి మీద పడే బలం శరీర బరువుకు అయిదారు రెట్లు ఉంటోంది. వెన్నుపూస వెనక భాగంలో సన్నటి ఎముక ఒకటి ఉంటుంది, ఆ ఒత్తిడి దాని మీద పడుతుంది. కుడిచేత్తో వేసేవాళ్ళకు ఎక్కువగా ఎడమ వైపే వస్తుందట. ఒక్క బంతికి ఏమీ కాదు. తీగను అదే చోట మళ్ళీ మళ్ళీ వంచితే అక్కడ బలహీనపడినట్టు, ఎముకలో సన్నటి దెబ్బలు పోగవుతాయి. టైమ్ ఇస్తే ఒళ్ళు వాటిని తనంతట తనే బాగుచేసుకుంటుంది. టైమ్ ఇవ్వకపోతేనే చీలిక.

ఎదిగే పిల్లల్లో ఇంకో సంగతి ఉంది. ఎముక ముందు పొడవు పెరుగుతుంది, గట్టిదనం కొన్ని నెలలు వెనకబడి వస్తుంది. మగపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగే సమయం పద్నాలుగేళ్ళకు అటూ ఇటూ, ఆడపిల్లల్లో పన్నెండుకు అటూ ఇటూ. పొడుగయ్యాడు, స్పీడు పెరిగింది అని మనం సంబరపడి ఎక్కువ ఓవర్లు వేయించే కాలమూ, ఎముకకు ఓర్పు తక్కువగా ఉండే కాలమూ ఒకటే అన్నమాట.

ఎక్స్‌రే తీసిన డాక్టరు మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇలాంటి చీలిక మొదట్లో చాలాసార్లు ఎక్స్‌రేకు అందదని, ఎంఆర్ఐ అయితే ఎముక లోపలి వాపును కూడా పట్టుకుంటుందని మేడమే చెప్పారు. ఎదిగే వయసు నొప్పులంటే సాధారణంగా చిన్నపిల్లలకు, రెండు కాళ్ళలో, రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి పోయేవి. ఒకే పక్క, ఒకే చోట, ఆట ఆడితే పెరిగే నొప్పి ఆ కోవలోకి రాదు. 1995లో అచ్చయిన ఒక అధ్యయనంలో, నడుం నొప్పితో వచ్చిన టీనేజ్ ఆటగాళ్ళు వందమందిని, పెద్దవాళ్ళు వందమందిని పోల్చి చూశారు. ఈ రకం ఎముక దెబ్బ పెద్దల్లో 5 మందికి ఉంటే, పిల్లల్లో 47 మందికి ఉంది. అందుకే దయచేసి, ఆటలాడే పిల్లలు నడుం నొప్పి అంటే రెండు మూడు వారాలకు మించి ఆగకండి, చూపించండి.

ఇక కోచ్ సార్. రిపోర్ట్ వచ్చిన మర్నాడే ఒక నోట్‌బుక్ తీసుకుని ఇంటికి వచ్చారు. స్కూల్ మ్యాచ్‌లు, క్లబ్ మ్యాచ్‌లు, రెండు చోట్లా నెట్స్, సెలవురోజు ఫ్రెండ్స్‌తో ఆడింది, అన్నీ మా వాణ్ణి అడిగి అయిదేసి గీతలుగా గీసుకుంటూ పోయారు. పరీక్షల కోసం మూడు వారాలు బంతి ముట్టుకోలేదు. ఆ వెంటనే వచ్చిన వారంలో వేసిన బంతులు మూడు వందలు దాటాయి. సార్ పెన్ను కింద పెట్టి, "నా దగ్గర వేసినవి ఇందులో సగం కూడా లేవమ్మా. మిగతా సగం ఎక్కడ వేస్తున్నాడో నేను అడగాల్సింది. తప్పు నాదే" అన్నారు. స్కూల్‌లో ఎంత వేశాడో క్లబ్‌కు తెలియదు, క్లబ్‌లో ఎంత వేశాడో స్కూల్‌కు తెలియదు. రెండూ తెలిసిన ఇల్లు మాది, మేం లెక్కే పెట్టలేదు. అయినా ఆ తప్పు తన మీద వేసుకున్న పెద్దమనసు ఆయనది.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పిల్లల ఫాస్ట్ బౌలింగ్‌కు పెట్టిన హద్దులను ఆ రోజే సార్ చూపించారు. అండర్-13 దాకా ఒక స్పెల్‌లో, అంటే విరామం లేకుండా వేసే విడతలో, 5 ఓవర్లు, రోజు మొత్తం మీద 10. అండర్-14, అండర్-15 వాళ్ళు స్పెల్‌లో 6, రోజుకు 12. అమెరికాలో ఆటగాళ్ళ గాయాలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్ల జాతీయ సంఘం 2019లో ఇచ్చిన సూచనలు ఏ ఆటకైనా పనికొస్తాయి. ఒక సమయంలో ఒకే టీమ్. ఏడాదిలో ఒకే ఆట ఎనిమిది నెలలకు మించకూడదు. వారానికి ఆడే గంటలు పిల్లవాడి వయసును దాటకూడదు. వారానికి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. వీటిలో మేం ఒక్కటీ పాటించలేదు.

ఆ సాయంత్రం సార్ చేసిన ఇంకో పని అన్నిటికంటే పెద్దది. వెళ్ళేముందు మా వాడి భుజం మీద చెయ్యి వేసి, "టీమ్‌లో నీ చోటు నీదే. నువ్వు వచ్చేదాకా ఉంటుంది" అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్నవాడు భోరున ఏడ్చేశాడు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచాడో అప్పుడు అర్థమైంది. చెప్తే తీసేస్తారని భయం. అమ్మ ముందు పిరికివాడైపోతానని భయం. ఆ రెండో భయం నేను పెట్టిందే.

మూడు నెలలు బంతి పట్టుకోలేదు. మొదటి కొన్ని వారాలు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. కీపర్ బాబుతో అయితే పదహారు రోజులు మాట్లాడలేదు, నేను లెక్కపెట్టాను. ఆ పిల్లాడు మాత్రం రోజూ వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఆ రోజు స్కోర్ చెప్పి వెళ్ళేవాడు. పదిహేడో రోజు మా వాడు లోపలికి రమ్మన్నాడు.

సార్ వాణ్ణి ఇంట్లో కూర్చోనివ్వలేదు. నెట్స్‌లో ఎవరు ఎన్ని బంతులు వేశారో రాసే పని అప్పగించారు. ఒకరోజు వాడే వెళ్ళి, "సార్, వీడికి ఇవాళ్టికి 36 అయిపోయాయి, ఆపేయండి" అని చెప్పాడట. దిగులుగా ఉన్న రోజుల్లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ప్యాట్ కమిన్స్ సంగతి చెప్పింది కూడా సారే. 2011లో పద్దెనిమిదేళ్ళకే తొలి టెస్ట్ ఆడి, ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసి, మళ్ళీ టెస్ట్ ఆడింది 2017లో. మధ్యలో వెన్ను స్ట్రెస్ ఫ్రాక్చర్లతో సహా ఎన్నో గాయాలు. మా వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "నాకు నెలలే కదమ్మా" అన్నాడు.

మేడమ్ దగ్గర కసరత్తులు నడుముతో మొదలై తుంటి, తొడలు, ఒంటికాలి మీద నిలకడ దాకా సాగాయి. మెట్టు మీద నుంచి ఒంటికాలితో కిందికి దిగే వ్యాయామం ఒకటుంది. మేడమ్ కళ్ళు మూసుకుని వినేవారు. చప్పుడైతే మళ్ళీ చెయ్యాలి. మోకాలు, తుంటి సరిగ్గా వంగి బరువు తీసుకుంటే చప్పుడు రాదట. చప్పుడు లేకుండా పది సార్లు దిగిన రోజు ఇద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు.

రోజూ పొద్దున నొప్పి ఎంతో ఒక పుస్తకంలో రాయాలి. మొదటి వారమంతా వాడు ఒకటి, ఒకటి, ఒకటి అనే రాశాడు. మేడమ్ కోప్పడలేదు. "తక్కువ రాస్తే త్వరగా పంపిస్తాననుకుంటున్నావు. నిజం రాస్తేనే నాకు దారి తెలుస్తుంది" అన్నారు. మర్నాడు "మూడున్నర" అని రాశాడు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర దాచుకున్నాను.

తర్వాత నిలబడిన చోటు నుంచే బంతి వేయడం, రెండడుగులు, సగం రనప్, రోజు విడిచి రోజు 12 బంతులు. తొందరపెట్టమని ఒకసారి నేనే అడిగాను, టోర్నమెంట్ దగ్గర పడుతోందని. మేడమ్ ఒప్పుకోలేదు. అలా ఒప్పుకోనందుకు ఆమెకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

గంటల తరబడి బెంచీ మీద కూర్చోలేడని, క్లాసులో మధ్యమధ్య లేచి నిలబడనిచ్చిన టీచర్లకు కూడా థాంక్స్. మా అమ్మాయి ఫుట్‌బాల్ ఆడుతుంది. వాళ్ళ టీమ్‌కు కూడా సార్ చెప్పబట్టే, చిన్నపిల్లల కోసం ఫిఫా తయారుచేయించిన వార్మప్ మొదలుపెట్టారు. ఒంటికాలి నిలకడ, సరిగ్గా దూకడం, పడితే ఎలా పడాలో నేర్పుతారు. నాలుగు ఐరోపా దేశాల్లో 7 నుంచి 13 ఏళ్ళ పిల్లల మీద చూసి 2018లో ఇచ్చిన ఫలితాల్లో, దీనివల్ల గాయాలు 48 శాతం తగ్గాయి. పావుగంట, ఇరవై నిమిషాల పని. మీ పిల్లల కోచ్‌ను ఒకసారి అడిగి చూడండి.

నిన్న 24వ బంతి కాగానే సార్ బౌండరీ దగ్గర నుంచి చెయ్యి ఎత్తారు. మా వాడు ఇంకో ఓవర్ అడగలేదు, క్యాప్ పెట్టుకుని ఫైన్ లెగ్‌లో ఫీల్డింగ్‌కి వెళ్ళిపోయాడు. ఓవర్ ఓవర్‌కీ కీపర్ బాబు నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపిస్తూనే ఉన్నాడు. వాడి ముఖం బాగానే ఉంది ఆంటీ అని.

రాత్రి నేను వంటింట్లో ఉంటే వెనక నుంచి వచ్చి, "అమ్మా, కుడి పిక్క పట్టేసినట్టుంది. మూడు. రేపు సార్‌కీ మేడమ్‌కీ చెప్తాను" అన్నాడు. నేనేమీ అడగలేదు, వాడంతట వాడే చెప్పాడు. బాబూ, మేడమ్, సార్, మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం.