లైసెన్సు కంటే ముందు ల్యాబ్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

పారిశ్రామిక హెంప్ సాగుకు అనుమతులు, రాయితీలు ఇవ్వాలన్న చర్చ ఎక్కడ మొదలైనా పేరు దగ్గరే తికమక వస్తోంది. కొందరు హెంప్‌ను జనపనార అని రాస్తున్నారు. జనపనార అంటే జూట్. పచ్చిరొట్టకు వేసే జనుము మరో మొక్క, దానికీ హెంప్‌కూ చుట్టరికం లేదు. హెంప్ మాత్రం గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండేలా ఎంచి పెంచిన రకాలనే హెంప్ అంటాం. ఈ సంగతి దాచి ప్రచారం చేస్తే, పొలానికి పోలీసులు వచ్చిన రోజున ఇబ్బంది పడేది రైతే.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టంలో సెక్షన్ 8 గంజాయి మొక్క సాగును నిషేధించింది. సెక్షన్ 10 దాన్ని నియంత్రించి అనుమతించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. నార కోసం, గింజ కోసం, ఉద్యాన అవసరాల కోసం ప్రభుత్వం సాగుకు అనుమతి ఇవ్వవచ్చని సెక్షన్ 14 చెబుతోంది. ఉత్తరాఖండ్ 2018లో ఈ దారిలోనే లైసెన్సులు మొదలుపెట్టింది. అందరూ చెప్పుకునే 0.3 శాతం టీహెచ్‌సీ పరిమితి మాత్రం ఈ చట్టంలో ఎక్కడా లేదు. అది రాష్ట్రాలు నియమాల్లో రాసుకోవలసిన అంకె. చట్టం దృష్టిలో పూత, కాత ఉన్న కొసలు గంజాయే, టీహెచ్‌సీ ఎంత ఉందన్నది అక్కడ ప్రశ్న కాదు. గింజ నూర్చాక కళ్లంలో మిగిలే పొట్టులో ఆ కొసల ముక్కలే ఎక్కువ. ఆ పొట్టును ఎవరి ఎదుట, ఎన్ని రోజుల్లో, ఎలా నాశనం చేయాలో నియమాల్లో రాయకపోతే, లైసెన్సు చేతిలో ఉన్న రైతు కూడా కళ్లం దగ్గర కేసులో ఇరుక్కోవచ్చు. అనుమతి లేని సాగుకు పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

పంచాయతీలకు ఇందులో ఏం పని అని అడిగేవారు సెక్షన్ 47 చదవాలి. ఊళ్లో అక్రమంగా గంజాయి సాగవుతోందని తెలిసీ వెంటనే సమాచారం ఇవ్వని సర్పంచి, పంచ్, గ్రామాధికారి శిక్షకు అర్హులు. హెంప్‌నీ గంజాయినీ కంటితో చూసి విడదీయడం ఎవరి వల్లా కాదు, ఆకు అదే, వాసన అదే. కాబట్టి లైసెన్సు పొందిన సర్వే నంబర్లు, విస్తీర్ణం, రకం పేరు, విత్తబోయే తేదీ ఉన్న జాబితా విత్తనం పడక ముందే పంచాయతీకి, తహసీల్దారుకు, స్టేషన్‌కు, ఎక్సైజ్ కార్యాలయానికి ఒకేసారి చేరాలి. పొలం గట్టున లైసెన్సు నంబరుతో బోర్డు ఉండాలి. ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ ఉన్న పని ఇదొక్కటే.

డబ్బు పెట్టవలసిన మొదటి చోటు పరీక్ష. మొక్కలో టీహెచ్‌సీ చాలా మటుకు టీహెచ్‌సీఏ అనే ఆమ్ల రూపంలో ఉంటుంది, వేడి తగిలితే టీహెచ్‌సీగా మారుతుంది. అందుకని మొత్తం టీహెచ్‌సీని లెక్కగట్టేటప్పుడు టీహెచ్‌సీఏను 0.877తో గుణించి, ఉన్న టీహెచ్‌సీకి కలుపుతారు. ఒక నమూనాలో టీహెచ్‌సీ 0.03 శాతం, టీహెచ్‌సీఏ 0.35 శాతం వచ్చాయనుకుందాం. మొదటి అంకె ఒక్కటే చూస్తే పంట బ్రహ్మాండంగా పాసయినట్టే. పై లెక్కన రెండూ కలిపితే 0.337, అంటే 0.3 దాటింది, ఫెయిల్. ఏ లెక్క పాటిస్తారో నియమాల్లో స్పష్టంగా లేకపోతే ఒకే పొలం ఒక జిల్లాలో హెంప్, పక్క జిల్లాలో గంజాయి. యంత్రాన్ని బట్టీ తేడా వస్తుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే పరీక్షలో నమూనా వేడెక్కుతుంది కనుక ఆమ్లం యంత్రంలోనే మారిపోతుంది. నమూనాను ద్రవంలో పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం రెండింటినీ విడివిడిగా చూపిస్తుంది, అక్కడ లెక్క మనం కట్టుకోవాలి. కొలతలో ఉండే హెచ్చుతగ్గులను కూడా రిపోర్టులో రాయాలి. 0.32 వచ్చి, హెచ్చుతగ్గు 0.03 అయితే 0.29 కూడా ఆ పరిధిలోనే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ 2021 నియమాల్లో అలాంటి పంటను పాసయినట్టే లెక్కిస్తారు. పరిమితి దాటినా 1 శాతం లోపే ఉంటే, తగిన జాగ్రత్తలు తీసుకున్న రైతుది నిర్లక్ష్యంగా పరిగణించరు. పంట పోయినా, మనిషి మిగులుతాడు. మన నియమాలకూ ఆ తేడా కావాలి.

నమూనా తీసే తీరులోనే సగం గొడవలు పుడతాయి. టీహెచ్‌సీ ఆడపూతలో ఎక్కువ, కింది ఆకులో తక్కువ, కాండంలో నామమాత్రం. ఎక్కడ కోశారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. అమెరికాలో కొస నుంచి 5 నుంచి 8 అంగుళాలు కోస్తారు. యూరప్ పద్ధతిలో పొలానికి 50 మొక్కల నుంచి, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల కొస తీసుకుంటారు. గట్ల వెంట కాకుండా చేను అడ్డంగా నడుస్తూ కోయాలి. కోసిన కొసలను కాగితం సంచిలో వేయాలి. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమ్మ పట్టి రెండు రోజుల్లో బూజు వస్తుంది, ఆ తర్వాత వచ్చే అంకెకు విలువ లేదు. అక్కడికక్కడే రెండు భాగాలు చేసి, సీలు వేసి, రైతు సంతకం తీసుకుని, రెండో భాగాన్ని తిరిగి పరీక్షకు దాచాలి. ఫలితాన్ని ఎండు బరువు మీదే చెప్పాలి.

ఇక సమయం. పూత ముదిరే కొద్దీ టీహెచ్‌సీ పెరుగుతుంది. అమెరికాలో నమూనా తీసిన 30 రోజుల్లో కోత ముగించాలి. ఆ గడువు మొదట 15 రోజులే ఉండేది, ఆచరణలో చాలక పెంచారు. జిల్లాకు ఒక్క ఇన్‌స్పెక్టరు ఉండి, నమూనా ఎక్కడో రాజధాని ల్యాబ్‌కు వెళ్లి, రిపోర్టు నలభై రోజులకు వస్తే మంచి పంట కూడా చేలోనే పరిమితి దాటుతుంది. తప్పు ప్రభుత్వానిది, నష్టం రైతుది. పైగా పరీక్ష రుసుము నమూనాకు ఇంత అని ఉంటే అరెకరం రైతూ, పదెకరాల రైతూ ఒకటే కట్టాలి. ఒకే రకం విత్తనం పక్కపక్క కమతాల్లో వేసినవారిని ఒక లాటుగా లెక్కగట్టి, ఆ రుసుమును స్థానిక నిధి నుంచి చెల్లించడం న్యాయం.

విత్తన రాయితీ మీద మాకు పెద్ద నమ్మకం లేదు. హెంప్ పగటి పొడవును బట్టి పూతకు వచ్చే మొక్క. యూరప్‌లో వేసవి పగలు 16 గంటల దాకా ఉండే చోట్ల తీర్చిదిద్దిన రకాలను, ఎంత పొడవైన పగలైనా 13 గంటలకు కాస్తే మించే దక్షిణ ప్రాంతాల్లో వేస్తే, మోకాలెత్తు కూడా రాకుండానే పూత పడుతుంది. నార లేదు, గింజ అంతంత మాత్రం. మన దేశపు అడవి రకాలు పొడవుగా పెరుగుతాయి, కానీ వాటిలో టీహెచ్‌సీ పరిమితికి మించి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పుప్పొడి గాలిలో కిలోమీటర్ల కొద్దీ వస్తుంది కాబట్టి సొంత గింజ దాచి మళ్లీ వేసిన రైతు పంటలో ఏటికేడు టీహెచ్‌సీ పెరగవచ్చు. అందుకని ముందు రెండు సీజన్లు వ్యవసాయ పరిశోధనా స్థానంలోనే రకాల పరీక్ష జరగాలి. తక్కువ టీహెచ్‌సీ రకాల మీద పరిశోధనను ప్రోత్సహిస్తామని 2012 జాతీయ మాదకద్రవ్యాల విధానంలో కేంద్రమే చెప్పింది.

రెండో ఖర్చు నార తీసే యంత్రం. కోసిన కాండాన్ని చేలోనే పరిచి, మంచుకూ చెమ్మకూ ఊరనివ్వాలి. వాతావరణాన్ని బట్టి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో ఒకట్రెండుసార్లు తిరగేయాలి. పుల్ల విరిస్తే నార పేలికలా ఊడి రావాలి. ఊరక ముందే ఎత్తితే నారకు బెండు అంటుకుని వస్తుంది, మరీ ఊరితే చేతితో లాగితేనే తెగుతుంది. బేళ్లు కట్టేటప్పుడు చెమ్మ 15 శాతం దాటితే లోపల వేడెక్కి పాడైపోతాయి. ఎండు కాండం వంద కిలోలకు నార పాతిక కిలోలు అటూఇటూ, మిగతాది చాలా మటుకు బెండు. అంటే లారీలో మనం మోసేది ముప్పాతిక వంతు బెండే. యంత్రం దూరంగా ఉంటే కిరాయికే నార ధర సరిపోతుంది. పది మంది రైతులకు విత్తనం ఉచితంగా పంచే బదులు, వారి ఊళ్ల మధ్యలో ఒక డికార్టికేటర్ (నార తీసే యంత్రం), చెమ్మ కొలిచే మీటర్లు, కప్పున్న గోదాము పెట్టండి. బెండుకు కొనుగోలుదారు లేకపోతే ఆ యంత్రం కూడా ఏడాదిలో తుప్పు పడుతుంది కాబట్టి, రాయితీ విడుదలకు ముందే నారకూ బెండుకూ రాతపూర్వక కొనుగోలు ఒప్పందం అడగాలి.

గింజకు మార్కెట్ కాస్త తేలిక. హెంప్ గింజ, నూనె, పిండిని ఆహారంగా అమ్ముకోవచ్చని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో ప్రమాణాలు ప్రకటించింది. వాటిలో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. గింజ లోపల టీహెచ్‌సీ లేనట్టే, నూర్పిడిలో అంటుకున్న జిగురుతోనే అంకె పెరుగుతుంది. కాబట్టి శుభ్రం చేసే జల్లెడ యంత్రానికి కూడా స్థానిక నిధిలో చోటు ఉండాలి.

దరఖాస్తుల గడువు విత్తే నెలకు కనీసం మూడు నెలల ముందు ముగియాలి. ల్యాబ్ ఎక్కడ ఉందో, రిపోర్టు ఎన్ని రోజుల్లో ఇస్తుందో, ఫెయిలైన పంటను దున్నించడానికి ఎవరు వస్తారో, ఆ దుక్కి ఖర్చు ఎవరిదో దరఖాస్తు ఫారం వెనక పేజీలోనే అచ్చు వేయాలి.

ఇట్లు
మీ పాఠకులు