డ్రా అయిందని రాస్తే చాలదు, ఎలా అయిందో రాయండి

సంపాదకులకు,

2025 జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్లో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే) గేములూ డ్రా అయ్యాయి. ఇలాంటివి క్రీడా పేజీల్లో ‘చెరో అర పాయింటు’ అన్న ఒక్క ముక్కతో తేలిపోతుంటాయి. 26న తొలి గేములో హంపివి నల్లపావులు. మర్నాడు తెల్లపావులు ఆమెవే. తొలి ఎత్తు తెల్లదే కాబట్టి మొగ్గు కాస్త అటే. నల్లపావులతో నిలుపుకున్న అర పాయింటుకూ, తెల్లపావులు చేతిలో ఉండీ దక్కిన అర పాయింటుకూ తేడా లేదంటే ఏ ఆటగాడూ ఒప్పుకోడు.

గేము ఏ దారిన ఆగిందో కూడా రాయాలి. పరస్పర అంగీకారమైతే పద్ధతి ఇది: ఎత్తు వేసి, గడియారం నొక్కేలోగా డ్రా అడగాలి. ఎత్తులు రాసుకునే స్కోరుషీటులో బ్రాకెట్లో సమానం గుర్తు పెట్టుకోవాలి.

పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది పునరావృతం పేరుతో డ్రా అడిగే దగ్గర. ఒకే ఎత్తు మూడుసార్లు కాదు, ఒకే పొజిషన్ (బోర్డుమీది పావుల అమరిక) మూడుసార్లు రావాలి. ఎత్తు వేసే వంతూ అదే వైపుది కావాలి. వరసగానే రానక్కర్లేదు. పావులన్నీ అవే గళ్లలో ఉన్నా, ఈలోగా క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం) హక్కు పోయి ఉంటే అది వేరే పొజిషనే. మూడోసారి తెచ్చే ఎత్తును ముందు షీటుమీద రాసి, పావు ముట్టకుండా గడియారం ఆపి ఆర్బిటర్‌ను (ఆట నిర్ణేతను) పిలవాలి. ఆత్రంగా ఆడేసి గడియారం నొక్కారో, అడిగే హక్కు అవతలివారి చేతికి పోతుంది. క్లెయిమ్ తప్పని తేలితే అవతలివారికి 2 నిమిషాలు కలుపుతారు. అదే పొజిషన్ ఐదుసార్లు వస్తే ఎవరూ అడగకపోయినా డ్రానే. రాజుకు ఎడతెగకుండా ఇచ్చే చెక్‌లకు విడిగా నియమమేమీ లేదు, అవీ చివరికి ఈ లెక్కలోకో అంగీకారంలోకో రావాల్సిందే.

బంటు కదలకుండా, పావు చావకుండా ఇద్దరూ చెరి 50 ఎత్తులు ఆడితే డ్రా అడగొచ్చు. 75 అయితే ఆర్బిటరే ఆపేస్తారు.

ఆ ఫైనల్ తేల్చడానికి 28న పెట్టిన ర్యాపిడ్ (తక్కువ సమయమిచ్చే) గేముల్లో తొలిదీ డ్రానే. రెండోదాంట్లో దివ్య నల్లపావులతో గెలిచి 2.5-1.5తో కప్పు అందుకున్నారు. అలాంటి గేము మొత్తం ఎత్తులు చిన్న అక్షరాల్లో వేస్తే పట్టుమని పది లైన్లు. దాని పక్కన చివరి పొజిషన్ బొమ్మ, డ్రా అయితే కారణం ఒక్క మాటలో. ఎలాగూ వేసే ఫొటోను కాస్త కుదిస్తే ఆ చోటు దొరుకుతుంది.

– ఒక చెస్ ఆర్బిటర్, విజయవాడ