రైలు కట్ట బాటకు ఈ ఇనుప గేట్లు ఎవరి కోసం?

సంపాదకుడికి,

పాత రైలు కట్ట మీది బాటలోకి మోటారు సైకిళ్లు రాకుండా గేట్లు బిగించారని, సమస్య తీరిపోయిందని పోయిన వారం మీ పత్రికలో వార్త వచ్చింది. నాలుగు రోజులు ఊరుకున్నాను. నిన్న మా నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ గేటు ఎలా ఉందో వార్తలో లేదు. రెండు ఇనుప చట్రాలు ఎదురెదురుగా నిలబెట్టారు. మధ్యలోంచి మెలిక తిరిగి వెళ్లాలి. నాన్నగారి చక్రాల కుర్చీ మొదటి చట్రం దాటగానే కాళ్లు పెట్టుకునే పలక రెండో చట్రానికి తగిలింది. వెనక్కి లాగితే పెద్ద చక్రం ఇనుప గొట్టం పక్కన ఇరుక్కుంది. ఆయన రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకుని తోశారు. పచ్చి ఆరని పసుపు రంగు అరచేతులకు అంటింది తప్ప కుర్చీ కదలలేదు. మేమలా ఉండగానే ఒక మోటారు సైకిలు గేటు పక్కనుంచి, గడ్డిలో అప్పటికే పడిన చాళ్ల మీదుగా బాటెక్కి వెళ్లిపోయింది. ఆపవలసిన వాళ్లకు పక్కదారి ఉంది, రావలసిన వాళ్లకు దారి లేదు. ఇదా తీరిన సమస్య?

ఈ బాట గొప్పతనమంతా దాని వాలులోనే ఉంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం నిటారుగా ఎక్కలేదు. అందుకే ఆనాటి వాళ్లు గుట్టలు తొలిచి, పల్లాలు పూడ్చి, మామూలుగా వంద మీటర్ల దూరానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు పెరగకుండా కట్ట పోశారు. భవనాల ముందు చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపుకు పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు వరకు ఒప్పుకుంటారు. అంతకన్నా ఎన్నో రెట్లు తేలికైన దారి ఇది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు, సైకిలు నేర్చుకునే పిల్లలకు, పసిబిడ్డను బండిలో తోసుకెళ్లే తల్లికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. అలాంటి దారికి మొదట్లోనే అడ్డం కట్టారు.

ఇది ఎవరికీ తెలియని సంగతి కూడా కాదు. బ్రిటన్‌లో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూతపడిన రైలు మార్గాన్ని 1979 నుంచి 1986 వరకు స్వచ్ఛందంగా వచ్చిన జనమే బాటగా మార్చారు. ఆ పని చేసిన సంస్థే తర్వాత సస్ట్రాన్స్ అనే పేరుతో నడక, సైకిలు బాటల కోసం పనిచేసే సంస్థ అయింది. తమ దేశంలోని సైకిలు మార్గాల మీద ఇలాంటి అడ్డంకులు 16 వేలకు పైగా ఉన్నాయని, వాటిని తీసేయాలో మార్చాలో చూడాలని 2018లో ఆ సంస్థే చెప్పింది. వాళ్లు పీకేస్తున్న వాటిని మనం కొత్తగా పాతుకుంటున్నాం.

గేటు సంగతి ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. గుట్టను తొలిచిన చోట రెండు పక్కలా ఉన్న కాలువలు ఆకులతో పూడి, నీళ్లు బాట మీదే నిలుస్తున్నాయి. రైళ్లు తిరిగిన రోజుల్లో గ్యాంగ్‌మన్లు ఆ దారి వెంట నడిచి ప్రతి కాలువా, ప్రతి తూమూ చూసేవారు. నీరు నిలిస్తే కట్ట కుంగుతుందని వాళ్లకు తెలుసు. ఇప్పుడు చూసేదెవరు? ప్రారంభోత్సవం రోజు ఫొటోలో ముందు వరుసలో నిలబడ్డ ఒక్క అధికారి అయినా మళ్లీ ఆ బాట మీద కనిపించారా? కట్టడానికి నిధులు వస్తాయి, కాపాడుకోవడానికి రావు. పార్కులకూ గ్రంథాలయాలకూ ఇదే గతి పట్టింది.

మేము అడిగేది పెద్ద పనేమీ కాదు. చట్రాలు తీసేసి, ఒకటిన్నర మీటర్ల ఎడంతో పొట్టి స్తంభాలు పాతండి. మోటారు సైకిళ్లను ఆపాలంటే సాయంత్రం పూట ఒక మనిషిని కాపలా పెట్టండి. కాలువలు వానల లోపే తీయించండి. గేట్లు బిగించిన వార్త వేసిన మీరు, అవి తీసేసే దాకా ఈ విషయం వదలకండి.

— రోజూ ఆ బాట మీద నడిచే ఒక పాఠకురాలు