వార్షిక నివేదిక: క్యాంపస్ కాంక్రీట్ కట్టడాల కోసం ఈ ఏడాది చేసిన పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పెద్ద కార్యక్రమం కాన్పూర్ ఐఐటీ ప్రయాణం. 1960ల్లో వాస్తుశిల్పి అచ్యుత్ కన్విందే రూపమిచ్చిన ఆ క్యాంపస్‌లో కాంక్రీట్ చట్రం, దాని నడుమ ఎర్ర ఇటుక గోడలు ఏ పూతా లేకుండా కనిపిస్తాయి. భవనం నుంచి భవనానికి నీడలోనే నడిచి వెళ్లొచ్చు. అక్కడి ఎండలో ఆ నడవల విలువ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇలా కాంక్రీట్‌ను పూత లేకుండా చూపించే కట్టడ శైలి పేరు బ్రూటలిజం. ఆ మాట అనగానే క్రూరత్వం గుర్తొచ్చిన కొత్త సభ్యులకు, అది పచ్చి కాంక్రీట్‌ను ఫ్రెంచిలో ‘బెటాన్ బ్రూ’ అనడం నుంచి వచ్చిన మాట అని అక్కడే చెప్పుకున్నాం.

తిరిగొచ్చాక మన సివిల్ ఇంజనీర్ సభ్యులతో ఒక పూట శిక్షణ పెట్టాం. నా లెక్కలో ప్రయాణం కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ, లోపలి ఇనుప చువ్వల్ని కాపాడే కాంక్రీట్ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. దానికి చెమ్మ తోడైతే ఆ చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైపొర పెచ్చులుగా ఊడుతుంది. దాని మీద రంగు వేస్తే మచ్చ కనబడదు, తుప్పు మాత్రం ఆగదు. అందుకే ముందుగా చేయాల్సింది డాబా మీది వాననీటి గొట్టాలు శుభ్రం చేయడం, పగుళ్లలో మొలిచే రావి మొక్కల్ని వేళ్లతో సహా తీసేయడం.

అహ్మదాబాద్ ఐఐఎం గురించి వాడిగా చర్చ జరిగింది. అమెరికన్ వాస్తుశిల్పి లూయీ కాన్ రూపమిచ్చిన 18 వసతి గృహాల్లో 14 కూల్చాలని 2020 డిసెంబరులో ప్రతిపాదించారు. నిరసనలతో 2021 జనవరి 1న వెనక్కి తీసుకున్నారు. 2022లో మళ్లీ కొత్తవి కట్టే మాట ఎత్తారు. “అవి ఇటుకవి కదా, మనకెందుకు?” అన్నారొకరు. కానీ ఇటుకైనా కాంక్రీటైనా ఈ కాలపు కట్టడాలన్నిటికీ చిక్కు ఒకటే. కేంద్ర పురావస్తు చట్టం కిందికి రావాలంటే కట్టడానికి 100 ఏళ్లు నిండాలి. 1972లో ఢిల్లీలో కట్టిన కాంక్రీట్ ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్‌ను 45 ఏళ్లకే, 2017లో కూల్చేశారు.

మన ఊళ్లో ఒక కాలేజీతో మాత్రం ఓడిపోయాం. కాంక్రీట్‌కు రంగు వేయొద్దని మేం ఉత్తరం ఇచ్చి, టెన్షన్‌గా జవాబు కోసం చూస్తుండగానే ముందు గోడంతా క్రీమ్ రంగు వేసేశారు. అయితే డాబా ఎక్కడానికి అనుమతిచ్చారు.

జూన్ వానలకు ముందు అక్కడి గొట్టాలు శుభ్రం చేద్దాం. వచ్చేవాళ్లు కార్యదర్శికి పేర్లివ్వండి. పాత చెప్పులు వేసుకుని రండి.